సంతకం పెట్టిన ఖాళీ ఫారం

జూన్ 3

అక్కకి,

ఈ ఉదయం కొట్టు తెరిచేసరికి నిలువుటద్దం మీద నీ కొలతలు ఇంకా అలాగే ఉన్నాయి. పోయిన సెలవుకి నువ్వు వచ్చినప్పుడు అమ్మ సుద్దముక్కతో రాసుకున్నవి. ఐదు నెలలైంది. రోజూ అద్దం తుడుస్తుంది, ఆ మూల మాత్రం వదిలేస్తుంది. కొత్త బట్టలు తొడుక్కుని చూసుకునేవాళ్ళకి తమ భుజం మీద నీ నడుము కొలత కనిపిస్తుంది. ఎవరైనా అడిగితే అమ్మకి అదే చాలు. మిషన్ ఆపి మొదలుపెడుతుంది.

నువ్వు అడిగిన ప్యాకెట్లు ఆరూ నిన్న పార్సిల్ చేశాను. వాటికి పాత పేపరు చుట్టి, పైన రెండు తువ్వాళ్ళు పెట్టాను. అంత పెద్ద సైన్యంలో, అంత పెద్ద క్యాంటీన్‌లో ఇవి దొరకవంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు అక్కడ?

నీ యూనిఫాం ఫోటోకి అమ్మ ఫ్రేము కట్టించింది. బటన్ల డబ్బాల పైన పెట్టింది. "మా పెద్దది. ముప్పై రెండు లారీల్లో ఒక లారీ దానిదే" అని చెబుతుంది. నా సంగతి అడిగితే "చిన్నది పుస్తకాల దగ్గర ఉంటుంది" అంటుంది. నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో పని అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రెండేళ్ళుగా నేను పుస్తకాల దగ్గరే ఉన్నాను, చెదపురుగులా.

సైన్యంలో చేరమన్న ఆ ప్రకటన పేపర్లో చూసింది నేను. కత్తిరించి నిఘంటువులో దాచుకున్నది నేను. నువ్వు తోడు వచ్చావు, అంతే. బస్సులో నాకు కడుపులో తిప్పితే సంచి పట్టుకున్నావు. కళ్ళ పరీక్షలో నన్ను పక్కకి తప్పించి, ఊరికే నిలబడ్డ నిన్ను చూసి "నువ్వూ చదువమ్మా ఆ బోర్డు" అన్నారు. నువ్వు చివరి వరస దాకా చదివేశావు.

ఇది ఎత్తిపొడవడానికి రాయలేదు. రాసేశాక, కాగితం చింపబుద్ధి కాలేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

చెల్లి

*

జూన్ 14

ఒసేయ్ కళ్ళజోడూ,

పార్సిల్ అందింది. ఎలా అందిందో విను. గేటు దగ్గర ప్రతి పార్సిలూ విప్పి, లోపల ఏముందో పుస్తకంలో రాసుకుని, పేరు పిలిచి ఇస్తారు. ఆ గుమాస్తా నా పార్సిల్ విప్పాడు. మళ్ళీ మూశాడు. చెవులదాకా ఎర్రబడి, "దూది సామాను, ఆరు" అని రాసుకున్నాడు. వెనక లైన్లో ఉన్నవాడు "ఆరు పరుపులా?" అన్నాడు. అప్పటినుంచి నన్ను పరుపుల కంపెనీ అంటున్నారు. పరవాలేదు, అంతకుముందు పెట్టిన పేరు ఇంకా ఘోరంగా ఉండేది.

క్యాంటీన్‌లో గడ్డం గీసుకునే సబ్బు ఐదు రకాలు ఉంది. బూటు పాలిష్ మూడు రంగుల్లో ఉంది. మన సరుకు మాత్రం లేదు. "అడిగేవాళ్ళు లేరు" అంటాడు. "నేను అడుగుతున్నాగా" అంటే, "ఒక్కదానివి" అంటాడు. శిబిరం మొత్తం మీద ఆడవాళ్ళం నలభై ఒక్కమందిమి ఉన్నాం, కానీ మిగతావాళ్ళు నోరు విప్పి అడగరు. వాళ్ళంతా వంటకీ ఆఫీసుకీ. లారీ తోలేది నేనొక్కదాన్నే.

నా పదిహేడో నంబరు బండి గురించి చెప్పాలి. పాతదే, కానీ గేరు వేస్తే వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. తెల్లారగానే బయల్దేరితే పొద్దుగూకేముందు అవతలి శిబిరం చేరతాం. దారిలో రెండే రెండు సార్లు ఆపుతారు, పదేసి నిమిషాలు. రోడ్డుకి రెండు పక్కలా మందుపాతరలు ఇంకా తీయలేదు. తారు దాటి అడుగు పెట్టకూడదు. మగాళ్ళు తారు అంచున వరసగా నిలబడి పని కానిస్తారు. నేను ఎక్కడికి పోను? మా ఓవరాల్ మెడ నుంచి కాళ్ళదాకా ఒకటే కుట్టు. పైన తూటాలు ఆపే చొక్కా, దానిపైన బెల్టు. అన్నీ విప్పి రెండు బండ్ల మధ్య కూర్చోవాలంటే పది నిమిషాల్లో ఆరు విప్పడానికే పోతాయి. పైగా మా పై ఆఫీసరు, మేం విజిల్ అంటాం ఆయన్ని, టైమంటే టైమే.

అందుకని ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తాను. ఒంటెలా తయారయ్యాను. మూడు నెలల నుంచి కొంచెం మంట, కుడివైపు నడుము పీకుతోంది. అప్పుడప్పుడు చలి పెట్టి ఒళ్ళు కాలుతుంది. అవే పోతాయి.

రెండు పనులున్నాయి నీకు. ఒకటి, ఓవరాల్ ఒకటి పంపుతున్నాను. మగవాళ్ళ సైజు, కాళ్ళు బారు. అమ్మ చేత కురచ చేయించు. రెండు, ఏటేటా ఇచ్చే ఆరోగ్యం ఫారం. ఇరవై రెండు ప్రశ్నలు. టీకాల తేదీలూ నా చిన్నప్పటి ఆపరేషన్ కాగితాలూ ఇంట్లోనే ఉన్నాయి కదా. కింద సంతకం పెట్టేశాను. నా చేతిరాత చూస్తే తిప్పి పంపుతారు. బడిలో నా సెలవు చీటీలన్నీ రాసింది నువ్వే కదే, ఇదీ రాసెయ్. తేదీ దాటకూడదు, లోపలున్న కవర్లో పెట్టి నేరుగా వైద్య శాఖకే పంపు. అన్నిటికీ "లేదు" అని రాయి. ఒక్కదానికి "ఉంది" అని పడినా బండి దింపేస్తారు. పద్నాలుగు రోజులు దాటి దిగితే బండి ఇంకొకడికి పోతుంది.

అమ్మకి మాత్రం ఇవేవీ చదవకు. లారీ సంగతి చదువు, పరుపుల సంగతి చదువు, అక్కడ ఆపెయ్.

మీ ఒంటె

*

జూన్ 25

అక్కకి,

ఫారం నింపి 21న పంపేశాను. టీకాల తేదీలు సరిచూశాను.

ఓవరాల్ ఇవాళ పార్సిల్‌లో వేశాను. కాళ్ళు మూడంగుళాలు తగ్గాయి. ఇంకో మార్పు కూడా ఉంది. ముందు నుంచి వెనకదాకా, కాళ్ళ మధ్య కుట్టు విప్పి మడత మీద మడత వేసి, లోపల జిప్పు కుట్టాం. నిలబడితే కనిపించదు. కూర్చుంటే, బెల్టూ చొక్కా ఏదీ విప్పకుండానే పని అవుతుంది. చుట్టూ కప్పుకోవడానికి ఓ గుడ్డ కూడా పెట్టాం, నడుముకి కట్టుకుంటే గంటలా పరుచుకుంటుంది. ఈ ఆలోచన నాకు ఒక పుస్తకంలో దొరికింది.

నీ కొలతకి నేనే సరిపోతానని అమ్మ నన్ను బల్ల ఎక్కించింది. లైబ్రరీ నుంచి వచ్చి ఇంకా టీ కూడా తాగలేదు. కాలరు తగులుతోందని కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. అప్పుడు బ్యాంకులో పనిచేసే ఆవిడ తన కోటు తీసుకుపోవడానికి వచ్చింది.

"ఓహో, డ్రైవరమ్మా. ఎప్పుడొచ్చావు?"

"నిన్న" అన్నాను.

"ఎన్నాళ్ళు సెలవు?"

"పది రోజులు."

"చిక్కిపోయావమ్మా. అక్కడ తిండి పెట్టరా?"

"పెడతారు. తినడానికే తీరదు."

అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా కాలి దగ్గర కూర్చుని ఉంది. తలెత్తలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీలాంటివాళ్ళుండబట్టే మేమిలా నిద్రపోతున్నాం అని చెప్పి వెళ్ళింది. ఆవిడ మెట్లు దిగిందాకా ఆగి, సూదులు తీసి డబ్బాలో వేసి, అమ్మ అంది: "సెలవు అయిపోయింది. దిగు."

నేను దిగలేదు వెంటనే. అద్దంలో చూసుకున్నాను. కళ్ళజోడు లేకపోతే నాకు మసకగానే కనిపిస్తుంది. మసకలో అచ్చం నువ్వే.

ఇంకో సంగతి. మా లైబ్రరీలో మూత్రపిండాల మీద ఒక అధ్యాయం ఉంది. నీళ్ళు మానేస్తే, ఆపుకుంటే, మంటతో మొదలై పైకి పాకుతుందట. నడుము నొప్పీ చలిజ్వరమూ వచ్చాయంటే పైకి పాకినట్టేనట. నువ్వు జబ్బు గదికి వెళ్ళు. ఇది ఒంటె హాస్యం కాదు. నీకు కష్టాన్ని కూడా గొప్పగా చెప్పడం వస్తుంది, అది వేరే సంగతి. నేను పడిశం పట్టిందని రాసినా ఎవరూ ఫ్రేము కట్టరు.

చెల్లి

*

జూలై 4

కళ్ళజోడు గారికి,

ఓవరాల్ అద్భుతం. అమ్మకి చెప్పు, ఇంత సన్నటి కుట్టు మా దర్జీలు జన్మలో వేయలేరు. నిన్నటి దారిలో మొదటిసారి సీసా నీళ్ళు తాగాను. తారు మీదే, నా బండి చక్రం పక్కనే, గుడ్డ గంటలా పరుచుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలు. వెనక బండి వాడు చూసి "టైరు చూస్తున్నావా?" అన్నాడు. "గాలి తగ్గింది" అన్నాను. వంటశాల అమ్మాయి ఒకతి తనకీ కుట్టి పెట్టమంటోంది, ఆమెకి బండెక్కి పోయే దారేదీ లేదు, ఊరికే చూసి ముచ్చటపడింది. ఆ పుస్తకం పేరేమిటో రాయి, ఇంకేం రాసుందో అందులో.

నొప్పి మాత్రం తగ్గలేదు. నీళ్ళు తాగుతున్నాను కదా, తగ్గుతుందిలే.

జబ్బు గదికి వెళ్ళమన్నావు. అక్కడ ఒకడే కుర్రాడిలాంటి కాంపౌండరు ఉంటాడు. తల నొప్పన్నా కాలు విరిగిందన్నా ఒకటే మాత్ర ఇస్తాడు. అది కాదు అసలు సంగతి. పొద్దున ఎవరు వచ్చారో, ఏం జబ్బో జాబితా రాసి భోజనాల హాలు తలుపుకి అంటిస్తాడు. విరేచనాలు, గజ్జి, అన్నీ ఉంటాయి అందులో. అన్నం తింటూ చదువుకుంటారు. నా పేరు పక్కన ఏం రాస్తాడో ఊహించుకో. ఊహించుకున్నావా? ఇప్పుడు చెప్పు, వెళ్ళమని.

గొప్పగా చెప్పుకుంటున్నానన్నావు. చెప్పనా, నేను దేనికి కుళ్ళుకుంటానో? రాత్రి మంచమెక్కేటప్పుడు నీ గురించి ఆలోచిస్తాను. నీ లైబ్రరీ వెనక వరండా చివర ఉంది చూడు, గొళ్ళెం ఉన్న తలుపు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్తావు. లోపల గొళ్ళెం పెట్టుకుంటావు. ఎవరూ విజిల్ వేయరు. నీ దగ్గర అది ఉంది, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నీకు సూదులు గుచ్చుతుంది, ఇంకా నీకు నా ఫోటో కావాలా?

సరేలే. పడిశం తగ్గిందా?

ఒంటె

*

జూలై 12

నిన్న పొద్దున బండి ఎక్కబోతుంటే విజిల్ వచ్చి నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "వైద్య శాఖ నుంచి కాగితం వచ్చింది. నువ్వు ఎక్కకూడదు." ముప్పై ఒక్క బండ్ల డ్రైవర్లూ చూస్తున్నారు. నా పదిహేడుని తుమ్ములవాడికి ఇచ్చారు. వాడు రోజంతా తుమ్ముతాడు, క్లచ్ మీద నుంచి కాలు తీయడు. వారం తిరిగేసరికి నా గేరుబాక్సు రాళ్ళ డబ్బా అవుతుంది.

ఊరి చివరి సైనిక ఆసుపత్రికి తీసుకొచ్చారు. పరీక్షలట. ఎన్నాళ్ళో చెప్పరు.

ఏం రాశావే ఫారంలో?

నేను చెప్పింది ఒక్కటే మాట. "లేదు" అని రాయమన్నాను. ఇరవై రెండు సార్లు ఒకే మాట రాయడానికి నీకేమైంది? నీ చేతిరాత నమ్మి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాను. బడిలో నేను గోడ దూకి పోయిన రోజున కూడా "జ్వరం" అని రాసి పెట్టావు, అప్పుడు పాపభయం లేదు. ఇప్పుడొచ్చిందా?

నేను చెప్పనా ఎందుకు రాశావో? ఆ రోజు కళ్ళ పరీక్షలో నిన్ను పక్కకి తప్పించారు. ఇప్పుడు నన్నూ బండి దింపావు. బల్ల మీద నిలబడి అద్దంలో చూసుకున్నావు, "అచ్చం నువ్వే" అని రాశావు. చదివినప్పుడు నవ్వుకున్నాను, వెర్రిదాన్ని. ఫోటో తీసి నీది పెట్టించుకో.

అమ్మకి ఆసుపత్రి సంగతి తెలియకూడదు. ఆ ఒక్క మాటైనా నిలబెట్టుకో.

*

జూలై 20

అక్కకి,

నీ ఉత్తరం లైబ్రరీ అడ్రసుకి వేశావు. మంచి పని చేశావు.

నువ్వు రాసింది నిజం. కుళ్ళే. నాకు ఎప్పటినుంచో ఉంది. నువ్వు ఉత్తరం రాస్తే అమ్మ మిషన్ ఆపుతుంది, నేను ఎదురుగా కూర్చుని మాట్లాడినా కాలు ఆడుతూనే ఉంటుంది. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాలి. నీ జోకులకి అమ్మ నా మొహం చూసి నవ్వుతుంది. నీ గొంతు నా నోట్లోంచి వస్తుంది, నవ్వు నీకు వెళ్తుంది. నాలుగేళ్ళుగా ఇదే ఉద్యోగం. దీనికి తోడు లైబ్రరీ.

గొళ్ళెం తలుపు సంగతి చదివాను. నిన్న మధ్యాహ్నం ఆ తలుపు వేసుకుని లోపల ఊరికే నిలబడ్డాను. నాకు దాని మీద ఏమీ అనిపించలేదు. ఉన్నదాని మీద ఏమనిపిస్తుంది?

ఫారం గురించి ఇప్పుడేమీ రాయను. నువ్వు తిట్టినవన్నీ ఉంచుకుంటాను. ఆసుపత్రిలో వాళ్ళు ఏం చెప్పారో రాయి. అదొక్కటీ రాయి. నా మీద కోపం తగ్గాక రాద్దామని ఆగకు.

బ్యాంకావిడ నిన్న మళ్ళీ వచ్చింది. "డ్రైవరమ్మ వెళ్ళిపోయిందా?" అని నన్నే అడిగింది. కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాను కదా. "వెళ్ళిపోయింది" అన్నాను. అమ్మ దారం కొరుకుతూ నన్ను చూసింది.

చెల్లి

*

ఆగస్టు 4

నా చెల్లికి,

ఈ ఉత్తరం కొంచెం పెద్దది. కూర్చోవడానికి వీలైంది ఇవాళే.

కుడి మూత్రపిండం వాచిపోయింది. చిన్న రాయి కూడా ఉంది. ఆసుపత్రికి వచ్చిన మూడో రోజునే జ్వరం నూట నాలుగు దాటింది. చేతికి సూది గుచ్చి పది రోజులు మందు ఎక్కించారు. ఇక్కడ ఒక డాక్టరమ్మ ఉంది. పొట్టిగా, గొంతు మాత్రం విజిల్ కన్నా పెద్దది. నా మంచం అంచున కూర్చుని చెప్పింది, "ఇంకో రెండు మూడు వారాలు బండి తోలి ఉంటే ఒక మూత్రపిండం తీసేసేదాన్ని. అదీ నువ్వు నా దాకా చేరితే. లేకపోతే స్టీరింగు మీదే పడి ఉండేదానివి. రోడ్డు పక్కన ఏమున్నాయో నీకే బాగా తెలుసు."

నా వెనక పద్దెనిమిదో బండి ఉంటుంది, దాని వెనక పంతొమ్మిది. నేను రోడ్డు దిగితే వాళ్ళూ దిగుతారు.

తర్వాత నన్ను తన గదికి పిలిచి ఫారం తీసి చూపించింది. "మీ శిబిరం నుంచి ఆడవాళ్ళవి నలభై ఒక్క ఫారాలు వచ్చాయి. నలభైలో ఇరవై రెండు ప్రశ్నలకీ లేదు, లేదు, లేదు. ఇంత ఆరోగ్యవంతులు భూమ్మీద ఎక్కడా ఉండరు. ఈ ఒక్క దాంట్లోనే మనిషి కనిపించింది" అంది. నీ గుండ్రటి అక్షరాలు. పంతొమ్మిదో ప్రశ్న దగ్గర: "ఉంది. మూడు నెలలుగా. దారిలో మరుగు లేక నీళ్ళు తాగడం మానేసినందువల్ల. నడుము నొప్పి, చలిజ్వరం కూడా."

ఆ జవాబు దగ్గర కాగితం పలచబడి ఉంది. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూపించింది. కింద ఇంకో మాట గీకేసిన జాడ. "లేదు." ఎవరు నింపారని అడిగింది. నీ అక్షరాలకీ నా సంతకానికీ పోలికే లేదు మరి. చెప్పేశాను, మా చెల్లెలని. అప్పుడు నాకు అంతా అర్థమైంది. నేను చెప్పినట్టే ముందు "లేదు" అని రాశావు. రాశాక నీ మనసు ఒప్పుకోలేదు. కూర్చుని గీకావు. కాగితం చిరగకుండా ఎంత ఓపికగా గీకావో. నేను దానికి కుళ్ళు అని పేరు పెట్టాను. ఆ ఉత్తరంలో నేను రాసినవన్నీ నువ్వు కూడా అలాగే గీకెయ్యి.

ఆ తర్వాత డాక్టరమ్మ శిబిరానికి వెళ్ళి నలభైమందినీ ఒక్కొక్కరినే, తలుపు వేసి, కూర్చోబెట్టి అడిగింది. పదకొండుమందికి నాలాంటిదే. మరో ముగ్గురికి నెలల తరబడి బహిష్టే ఆగిపోయింది, ఎవరికీ చెప్పలేదు. బండెక్కి పోయే దారేదీ లేదని రాశాను చూడు వంటశాల అమ్మాయి గురించి, ఆమె కూడా ఉంది ఆ పదకొండులో. వాళ్ళ గుడారానికీ మరుగుదొడ్డికీ మధ్య మగవాళ్ళ బారక్ ఉంది, చీకటి పడ్డాక దాటలేక నీళ్ళు మానేసిందట. ముచ్చటపడి అడిగిందనుకున్నాను.

భోజనాల హాలు తలుపు మీద జాబితా తీసేశారు. చివరి బండిలో వెనక తెర కట్టించి, ఆగిన ప్రతిచోటా ఆ తెర దింపాలని ఆర్డరు ఇచ్చారు. విజిల్ "పదిహేను నిమిషాలు" అనాల్సి వచ్చినప్పుడు ఆయన మొహం చూడాల్సిందట. నీ ఓవరాల్ డాక్టరమ్మ తన దగ్గర పెట్టుకుంది, తిరగేసి కుట్టు చూసింది. ఆ పుస్తకం పేరు తనకి కూడా కావాలంది. మర్చిపోకుండా రాయి.

ఇరవై రెండున వైద్య బోర్డు ముందు నిలబడాలి. బండి ఇస్తారని డాక్టరమ్మ అంటోంది. పదిహేడు కాదు, అది తుమ్ములవాడిదైపోయింది. ఇరవై తొమ్మిది ఇస్తారట. గేరు గట్టిగా పడుతుందట. పరవాలేదు, బండి అంటూ ఉంటే చాలు.

నేను బతికుండడం నీ చేతిరాత వల్లే. ఈ మాట ఇంకెప్పుడూ చెప్పను, అలవాటు అవుతుంది నీకు. అమ్మకి మాత్రం ఇవేవీ తెలియనివ్వకు. ఆవిడ ఆ ఫోటో చూసుకుని నిద్రపోతుంది.

అక్క

*

ఆగస్టు 13

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టాను. మూడూ చక్కటి ఉత్తరాలే. చింపేశాను.

మూత్రపిండం నిలబడినందుకు నాకెంత సంతోషంగా ఉందో రాయలేను. ఇది నిజం. దీని పక్కన పెట్టే మిగతావి కూడా నిజమే, అందుకే ముందు దీన్ని రాస్తున్నాను.

నీ ఉత్తరం అమ్మకి మొత్తం చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. నువ్వు వద్దన్నావు కానీ, అమ్మకి అంతా ముందే తెలుసు. జూన్ 20 నుంచి తెలుసు. నువ్వు పంపిన ఓవరాల్ బల్ల మీద పరిచి మడతలు చూసింది. "ఇందులో అన్నీ కూర్చున్న మడతలే. వంగిన మడత, లేచిన మడత ఒక్కటీ లేదు. దీన్ని తొడుక్కున్న మనిషి రోజంతా కదల్లేదు" అంది. నన్ను పిలిచి, "దాని ఉత్తరం తీసుకురా. నువ్వు మింగేసిన ముక్కలు కూడా చదువు" అంది. చదివాను. వింటున్నంతసేపూ మిషన్ తొక్కలేదు. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని, "నేనూ ఈ మిషన్ ముందు కూర్చుని ఇరవై ఏళ్ళు ఇదే చేశాను. కొట్టుకి మరుగుదొడ్డి ఎక్కడుంది? ఇంటికి పోయేదాకా ఆగేదాన్ని" అంది. మనకి ఎప్పుడూ చెప్పలేదు. మనం ఎప్పుడూ అడగలేదు.

జూలైలో నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని కూడా అమ్మకి తెలుసు, నేనే చెప్పాను. పోస్టు వచ్చే వేళకి కొట్టు గుమ్మంలో నిలబడేది. నీకు మాత్రం ఏమీ తెలియనట్టు రాయమంది. "తెలిస్తే అది నా కోసం లేని ధైర్యం తెచ్చుకుంటుంది. వద్దు" అంది.

ఓవరాల్ గురించి ఏ పుస్తకమూ లేదు. డాక్టరమ్మకి అలాగే చెప్పు. ఆ జిప్పు, ఆ మడత, ఆ గంట గుడ్డ, మూడూ అమ్మవే. ఆ రాత్రంతా పాత పరదా గుడ్డ మీద మూడుసార్లు కత్తిరించి, నాలుగోది నీకు కుట్టింది. నేను బల్ల మీద నిలబడ్డాను, అంతే. నీ మెప్పు అమ్మకి వెళ్ళడం నేను చూడలేకపోయాను. అందుకే పుస్తకం అని రాశాను. పుస్తకమైతే కొంచెం నాది.

వంటశాల అమ్మాయి కొలతలు పంపమంది అమ్మ. ఆ పదకొండుమందివీ పంపినా కుడతానంది.

ఇక ఫారం. నేను కుళ్ళుతో రాశానన్నావు, తర్వాత మనసు ఒప్పక దిద్దానన్నావు. మొదటిదానికి నేను అవునన్నాను, నువ్వు వేరేగా అర్థం చేసుకుంటావని తెలిసే. రెండోదానికి అవును అనలేను. జూన్ 20 మధ్యాహ్నమే లైబ్రరీలో ఆ అధ్యాయం చదివాను. చలిజ్వరం తర్వాత ఏం వస్తుందో, దాని తర్వాత ఏం వస్తుందో, బొమ్మలతో సహా చూశాను. చూసి ఇంటికొచ్చి, నిబ్బు కడిగి, బడిలో సిస్టర్ నేర్పినట్టు ఒక్కో అక్షరం దిద్ది, ఇరవై రెండింటికీ "లేదు" అని రాశాను. నీకు కావలసింది నీకు దొరకనీ, దాని వెంట వచ్చేదీ దొరకనీ అనుకున్నాను. కవరు అంటించాను.

కవరు విప్పింది అమ్మ. గీకింది అమ్మ, కాజాలు కోసే బ్లేడుతో. పెన్ను నా చేతిలో పెట్టి, నేను రాసిందాకా పక్కనే నిలబడింది.

చెల్లి